పూర్తి రీఫండ్ అన్నారు, వాలెట్‌లో వేశారు

ఈ ట్రావెల్ యాప్‌ని 2022 వేసవి నుంచి వాడుతున్నాను. ఫ్లైటు ఎలా బుక్ చేయాలో, హోటల్ ఎలా వెతకాలో అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. నా బాధంతా పేమెంట్‌కి ముందు కనిపించే ‘జీరో క్యాన్సిలేషన్’ అనే ఒక్క టిక్కు గురించి. తలకి ఇంతని అదనంగా కట్టి అది పెట్టుకుంటే, టికెట్టు క్యాన్సిల్ చేసినా పూర్తి రీఫండ్ అంటారు. మా బ్రాడీపేటలోనూ, నేను పనిచేసే స్కూల్లోనూ కనీసం పదిమంది ఫోన్లలో ఈ యాప్ వేయించింది నేనే. ఆ టిక్కు తప్పకుండా పెట్టుకోండని చెప్పిందీ నేనే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొన్నటి దసరా సెలవులకి గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కణ్ణుంచి ఆగ్రా, హరిద్వార్ వెళ్దామనుకున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. పోయేటప్పుడు ఫ్లైటు, మనిషికి 6,840 చొప్పున 27,360 రూపాయలు. వచ్చేటప్పుడు రైలు. ఇంట్లో పెద్దవాళ్లున్నారు కదా, ఎప్పుడేం జరుగుతుందో అని తలకి 399 కట్టి ఆ టిక్కు పెట్టాను. అదొక 1,596.

ఇంక మూడు రోజుల్లో ప్రయాణమనగా తెనాలిలో మామయ్యగారు బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. రాత్రికి రాత్రే గుంటూరు తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో టికెట్లు క్యాన్సిల్ చేశాను. ‘మీకు పూర్తి రీఫండ్ రూ. 27,360’ అని ఆకుపచ్చ రంగులో పెద్ద అక్షరాలు వచ్చాయి. ఆ స్క్రీన్ మా ఆవిడకి చూపించి, డబ్బు గురించి టెన్షన్ పడకు, మొత్తం వచ్చేస్తుంది అన్నాను. ఆపరేషన్‌కి ఆ డబ్బు అక్కరకొస్తుందనే లెక్కలో ఉన్నాం ఇద్దరం.

నాలుగు రోజులకి బ్యాంకులో పడింది 10,160. మిగతా 17,200 యాప్ వాలెట్‌లో ‘ట్రావెల్ క్యాష్’ పేరుతో కనిపించింది. గడువు ఆరు నెలలు. ఒక్కో బుకింగ్‌లో బిల్లులో పదో వంతు వరకే వాడుకోవాలి. అంటే నా 17,200 నేను వెనక్కి రాబట్టుకోవాలంటే ఆరు నెలల్లో లక్షా డెబ్బై రెండు వేల రూపాయల టికెట్లు కొనాలి. గడువు తీరేది ఏప్రిల్ మొదటి వారం, మా స్కూళ్లకి వేసవి సెలవులు ఇచ్చేది ఆ నెలాఖర్లో. చేతిలో ఉన్నా పనికిరాని డబ్బు.

ఉత్తుత్తి బుకింగ్ ఒకటి మొదలుపెట్టి ఆ టిక్కుని మళ్లీ చూశాను. దాని కింద బూడిద రంగులో ‘నిబంధనలు’ అని ఉంది. నొక్కి కిందికి జరుపుకుంటూ పోతే పదకొండో లైనులో ఉంది అసలు మాట: ఎయిర్‌లైన్ పట్టుకున్న ఛార్జీకి సమానమైన మొత్తాన్ని ట్రావెల్ క్యాష్‌గా ఇస్తారట. పైన ‘పూర్తి రీఫండ్’ అని రాసినవాళ్లు, వాలెట్‌లో వేస్తామన్న మాట కూడా అక్కడే రాయొచ్చు కదా!

అప్పుడే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు చదివాను. ఎయిర్‌లైన్ రీఫండ్‌ని క్రెడిట్‌గా ఉంచుకోవాలా వద్దా అనేది ప్రయాణికుడి ఇష్టం, వాళ్లంతట వాళ్లు అలా చేయకూడదు. క్యాన్సిలేషన్ ఛార్జీ బేసిక్ ఫేరు, ఫ్యూయల్ ఛార్జీ కలిపిన మొత్తాన్ని దాటకూడదు. నాన్ రిఫండబుల్ టికెట్టయినా సరే పన్నులు, యూడీఎఫ్ లాంటి ఎయిర్‌పోర్టు రుసుములు తిరిగి ఇవ్వాల్సిందే. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, బ్యాంకులో పడ్డ 10,160 ఎయిర్‌లైన్ ఎలాగూ ఇవ్వాల్సిన డబ్బే. ఆ టిక్కు పెట్టకపోయినా వచ్చేది. 1,596 కట్టి నేను కొనుక్కున్నది ఆ వాలెట్ అంకె మాత్రమే. అది యాప్ సొంత స్కీము కాబట్టి ఎయిర్‌లైన్‌ని అడిగే వీలూ లేదు.

కస్టమర్ కేర్‌కి ఆరుసార్లు చేశాను. చివరికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఆకుపచ్చ అక్షరాల స్క్రీన్‌షాట్ జతచేసి ఫిర్యాదు పెట్టాను. మూడు వారాలకి సగం, అంటే 8,600 బ్యాంకులో వేశారు. ఆ స్క్రీన్‌షాట్ నేను తీసింది కాదు, మా పెద్దమ్మాయి ఆసుపత్రిలో ఆ బెంచీ దగ్గరే తీసి పెట్టింది. అది లేకపోతే ఈ సగం కూడా వచ్చేది కాదని నా నమ్మకం.

అదే ప్రయాణంలో తిరుగు రైలు టికెట్లు ఐఆర్‌సీటీసీలో నేరుగా తీసినవి. థర్డ్ ఏసీ, 48 గంటలకి ముందే క్యాన్సిల్ చేశాను కాబట్టి మనిషికి 180, దాని మీద జీఎస్టీ పట్టుకుని మిగతాది వారంలోపే అకౌంట్లో వేశారు. ఏ టిక్కూ పెట్టలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు.

ఇంతకుముందు ఈ యాప్‌ని మెచ్చుకున్న మాట నిజమే. 2023లో జైపూర్‌కి గన్నవరం నుంచి కాకుండా శంషాబాద్ నుంచి చూపించి నలుగురి మీద 9,000 మిగిల్చిందని అందరికీ చెప్పాను. ఇప్పుడు కూర్చుని లెక్క వేస్తే గుంటూరు నుంచి సికింద్రాబాద్ రైలు, అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టుకి పుష్పక్ బస్సు, వచ్చేటప్పుడు అర్ధరాత్రి దిగి తెల్లారేదాకా ఉండటానికి తీసుకున్న గది, తిండి కలిపి ఏడువేల దాకా అయింది. మిగిలింది రెండు వేలు, పిల్లల నిద్ర పోయింది. అది యాప్ తప్పు కాదు, నేనే ఆ ఖర్చు కలుపుకోలేదు.

హోటళ్ల విషయంలో మాత్రం ఇప్పటికీ వంక పెట్టను. ‘హోటల్లో చెల్లించండి’ అని ఉన్నవే తీసుకుంటాను, ఆగ్రా గది వదులుకున్నప్పుడు పైసా పోలేదు.

నెలకి రెండుసార్లు ఫ్లైటెక్కే ఉద్యోగం అయితే ఆ వాలెట్ డబ్బు కరిగిపోవచ్చు, వాళ్లకి ఆ టిక్కు గిట్టుబాటు కావచ్చు. నాకు ఏడాదికి ఒకటో రెండో ప్రయాణాలు, అవీ స్కూలు సెలవుల్లోనే. ఇప్పుడు రేట్లు పోల్చుకోవడానికి మాత్రం ఈ యాప్ చూసి, టికెట్టు ఎయిర్‌లైన్ సైటులో తీసుకుంటున్నాను. వాలెట్‌లో ఇంకా 8,600 ఉంది. మామయ్యగారు వాకర్ పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నారు, హరిద్వార్‌కి ఈసారి తనూ వస్తానంటున్నారు. ఐదు టికెట్లు చూస్తున్నాను, ఆ టిక్కు తీసేసి.