గెస్టాల్ట్ థెరపిస్ట్ కావాలంటే ఏ దారి మేలు?

కౌన్సెలింగ్ వైపు రావాలనుకునేవాళ్లలో గెస్టాల్ట్ అనే మానసిక చికిత్సా పద్ధతి మీద ఆసక్తి పెంచుకున్నవాళ్లు నాకు తరచూ ఎదురవుతుంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఏళ్ల తరబడి చేసి విసిగినవాళ్లు, స్కూల్ కౌన్సెలర్లు, హెచ్‌ఆర్‌లో ఉన్నవాళ్లు, భర్త ఉద్యోగం వల్ల అమెరికాకో ఇంగ్లండ్‌కో వెళ్లి అక్కడ కొత్త వృత్తి మొదలుపెట్టాలనుకునే ఆడవాళ్లు. అందరూ మొదట అడిగేది ఒకటే: ఏ ఇన్‌స్టిట్యూట్ మంచిది? అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. మీరు క్లయింట్లను చూడబోయేది ఏ దేశంలో? థెరపీ చేసే హక్కు అక్కడి చట్టాన్ని బట్టి వస్తుంది. చేయగలిగే నేర్పు గెస్టాల్ట్ శిక్షణ వల్ల వస్తుంది. కొన్ని దేశాల్లో ఈ రెండూ ఒకే కోర్సులో దొరుకుతాయి, కొన్నిచోట్ల విడివిడిగా సంపాదించుకోవాలి. ఏ దారి మేలన్నది ముఖ్యంగా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు ఆ శిక్షణ ఎలా ఉంటుందో చెప్పాలి. అది తెలియకుండా దారుల్ని పోల్చలేం. జర్మనీలో పుట్టిన ఫ్రిట్జ్ పెర్ల్స్, లారా పెర్ల్స్ దంపతులు హిట్లర్ అధికారంలోకి రాగానే దేశం వదిలారు. దక్షిణాఫ్రికాలో చాలా ఏళ్లుండి న్యూయార్క్ చేరారు. అక్కడ రచయిత పాల్ గుడ్‌మన్ లాంటివాళ్లతో కలిసి 1950ల మొదట్లో గెస్టాల్ట్ పద్ధతికి ఒక రూపం ఇచ్చారు. గతాన్ని తవ్వుకుంటూ పోవడం కంటే, ఇప్పుడు ఈ గదిలో ఈ మనిషి ఏం అనుభవిస్తున్నాడు, ఎదుటి మనిషికి ఎక్కడ దగ్గరవుతున్నాడు, ఎక్కడ తప్పుకుంటున్నాడు అన్నది ఇందులో ముఖ్యం. వాళ్ల నాన్న గురించి నవ్వుతూ చెబుతున్న క్లయింట్ పిడికిలి బిగుసుకుంటే థెరపిస్ట్ ఆ పిడికిలిని గమనిస్తాడు. దాని గురించి మృదువుగా అడుగుతాడు.

అలా గమనించడానికి థెరపిస్ట్‌కు ఉన్న పనిముట్టు తన ఒళ్లు, తన మనసు. అందుకే శిక్షణలో పాఠాలకంటే సాధన ఎక్కువ. ముగ్గురేసి కూర్చుంటారు. ఒకరు థెరపిస్ట్, ఒకరు క్లయింట్, ఒకరు చూసేవాళ్లు. క్లయింట్ స్థానంలో ఉన్నవాళ్లు కట్టుకథ చెప్పరు, తమ సొంత విషయమే మాట్లాడతారు. తర్వాత స్థానాలు మార్చుకుంటారు. శిక్షకుడు పక్కనే ఉండి ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ క్లయింట్ కన్నీళ్లకు భయపడి సలహా ఇచ్చేశారో చెబుతాడు. ఇదే బృందంతో ఏళ్ల తరబడి సాగాలి. బృందంలో పుట్టే అలకలు, పోటీలు, దాచుకున్న కోపాలు కూడా నేర్చుకోవడంలో భాగమే. దీనికితోడు ప్రతి శిక్షణార్థీ తానూ థెరపీ తీసుకోవాలి. మనవాళ్లు చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. 'నాకేం సమస్య లేదు, నాకెందుకు థెరపీ?' అంటారు. తన దుఃఖం దగ్గర కూర్చోలేని మనిషి ఎదుటివాళ్ల దుఃఖం దగ్గర కూర్చోలేడు. ఈ భాగం లేని కోర్సు ఎంత పేరున్నదైనా నేను ఎవరికీ చెప్పను.

ఇక దారులు. యూరప్‌లో కొన్ని దేశాల్లో చట్టం, శిక్షణ బాగా దగ్గరగా నడుస్తాయి. 1985లో ఏర్పడిన యూరోపియన్ అసోసియేషన్ ఫర్ గెస్టాల్ట్ థెరపీ ప్రమాణాల ప్రకారం శిక్షణ కనీసం నాలుగేళ్లు, మొత్తం 1450 గంటలు. సిద్ధాంతం, సొంత థెరపీ, క్లయింట్లతో పని, సూపర్‌విజన్ (అనుభవమున్న థెరపిస్ట్ మన పనిని పర్యవేక్షించడం) అన్నీ ఆ గంటల్లోనే వస్తాయి. అయినా ఒక్కో దేశానిది ఒక్కో తీరు. ఆస్ట్రియాలో గెస్టాల్ట్ చట్టం గుర్తించిన పద్ధతి. పక్కనున్న జర్మనీలో ప్రభుత్వ ఆరోగ్య బీమా దీనికి డబ్బు చెల్లించదు. జర్మనీలోని మ్యూనిక్‌లో ఉండే తెలుగువాళ్లు ఆస్ట్రియా నియమాలు చదివి నిర్ణయం తీసుకుంటే నష్టపోతారు.

ఇంగ్లండ్ పరిస్థితి కొంచెం విచిత్రంగా ఉంటుంది. అక్కడ 'సైకోథెరపిస్ట్' అన్న పేరుకు చట్టపరమైన రక్షణ లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. అందుకే యూకేసీపీ (యూకే కౌన్సిల్ ఫర్ సైకోథెరపీ) లాంటి వృత్తి సంఘాల రిజిస్టర్‌లో పేరుండటమే అసలు గుర్తింపు. లండన్‌లోని మెటనోయా ఇన్‌స్టిట్యూట్, గెస్టాల్ట్ సెంటర్ లాంటి చోట్ల చదివి ఆ రిజిస్టర్‌కు చేరవచ్చు. సైకోథెరపిస్ట్‌గా నమోదు కావాలంటే సూపర్‌విజన్ కింద క్లయింట్లతో కనీసం 450 గంటలు పనిచేయాలి. ఈ దారిలో నాకు నచ్చేది, మొదటి సంవత్సరం నుంచీ గెస్టాల్ట్‌లోనే ఉంటారు. వేరే పద్ధతుల్లో రెండు మూడేళ్లు గడిపి తర్వాత దీనికి రావాల్సిన పని లేదు. ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో చదవడానికీ వీలుంటుంది.

ఇబ్బందులు రెండున్నాయి. ఇలాంటి పార్ట్‌టైమ్ కోర్సులకు ఇండియా నుంచి స్టూడెంట్ వీసా మీద వెళ్లడం మామూలుగా కుదరదు. ఇప్పటికే అక్కడ ఉంటున్నవాళ్లకే ఇది దారి. రెండోది, చదువయ్యాక పని. ఆందోళన, డిప్రెషన్‌లకు ప్రభుత్వ ఆరోగ్య సేవ ఇచ్చే థెరపీల్లో సీబీటీదే (ఆలోచనల్నీ అలవాట్లనూ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీదే) పెద్ద పీట, గెస్టాల్ట్‌కు అందులో చోటు లేనట్టే. దీని మీద జరిగిన పరిశోధన సీబీటీ మీద జరిగినంత లేకపోవడం అందుకు ఒక కారణం. కాబట్టి గెస్టాల్ట్ చదివినవాళ్లు ఎక్కువగా సొంత ప్రాక్టీస్‌తో, స్వచ్ఛంద సంస్థలతో బతకాలి. నెలనెలా జీతం తప్పనిసరి అయిన కుటుంబాలు దీన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

అమెరికాలో వరస తలకిందులు. గెస్టాల్ట్‌కు తొలి సంస్థలు వెలిసింది అక్కడే, న్యూయార్క్‌లో, ఆ తర్వాత క్లీవ్‌లాండ్‌లో. కానీ ఆ సంస్థల సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని క్లయింట్లను చూడలేరు. ముందు రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ కావాలి. దానికి కౌన్సెలింగ్‌లోనో ఫ్యామిలీ థెరపీలోనో సోషల్ వర్క్‌లోనో మాస్టర్స్ చేయాలి, ఆ తర్వాత ఏళ్లపాటు సూపర్‌విజన్‌లో పనిచేయాలి. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో ప్రొఫెషనల్ కౌన్సెలర్ లైసెన్స్‌కు 3000 గంటలు. కాలిఫోర్నియాలో ఫ్యామిలీ థెరపిస్ట్‌కూ అంతే. గెస్టాల్ట్ శిక్షణ దీని మీద అదనం. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల భార్య లేదా భర్తకు ఇచ్చేది) మీద ఉన్న అమ్మాయిలు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆ వీసా మీద మాస్టర్స్ చదవొచ్చు. కానీ చదువయ్యాక సూపర్‌విజన్‌లో చేసే గంటలు ఉద్యోగం కిందికి వస్తాయి. పనిచేసే అనుమతి లేకపోతే డిగ్రీ చేతికొచ్చాక అక్కడే ఆగిపోతారు. ఎంతో ఖర్చుపెట్టి చదివి ఇలా చిక్కుకోవడం చాలా బాధాకరం. అడ్మిషన్‌కు ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

దారి పొడవైనదే. అయినా లైసెన్స్ ఉంటే ఇన్సూరెన్స్ ద్వారా క్లయింట్లు వస్తారు, జీతమున్న ఉద్యోగాలు దొరుకుతాయి. డబ్బు పరంగా చూస్తే మిగతా దారులకన్నా ఇది గట్టిది.

ఇండియాలో ఉండి, ఇక్కడే తెలుగువాళ్లతో పనిచేయాలనుకునేవాళ్లకు నా మాట స్పష్టం: డిగ్రీ ముందు, గెస్టాల్ట్ తర్వాత. క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే 1992 చట్టం ప్రకారం ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు తప్పనిసరి. అది లేకుండా ఆ పేరుతో ప్రాక్టీస్ చేస్తే ఏడాది వరకు జైలుశిక్ష పడొచ్చు. కౌన్సెలర్లకు ఇంతకాలం ఇలాంటి అదుపు లేదు. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం కౌన్సెలర్లనూ సైకాలజిస్టులనూ తన పరిధిలోకి తెచ్చింది. దాని ప్రభావం చదువుల మీద అప్పుడే పడింది. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నేర్పకూడదని యూజీసీ ఆదేశించింది. ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లో కూర్చుని ఎం.ఏ. పూర్తి చేద్దామనుకున్నవాళ్లకు ఆ తలుపు మూసుకుంది. రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లి చదవాలి. నియమాలు ఇలా బిగుస్తున్నప్పుడు డిగ్రీ లేకుండా ఒక్క గెస్టాల్ట్ సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టడం ప్రమాదం, మీకూ మీ క్లయింట్‌కూ.

డిగ్రీ అయ్యాక గెస్టాల్ట్ ఎక్కడ? మన దేశంలో ఇది చిన్న బృందాలుగా, వర్క్‌షాపులుగా దొరుకుతుంది. పూర్తిగా కొత్తదేమీ కాదు. జెసూట్ (క్రైస్తవ మఠ సంఘానికి చెందిన) గురువు ఆంథొనీ డి మెల్లో 1970ల మొదట్లో పుణెలో మొదలుపెట్టి తర్వాత లోనావ్లాకు మార్చిన సాధన ఇన్‌స్టిట్యూట్‌లో పెర్ల్స్ పద్ధతులను మన ధ్యాన సంప్రదాయాలతో కలిపి నేర్పారు. అయితే ఆస్పత్రిలో నేర్చుకునే రోగనిర్ధారణ జ్ఞానం వర్క్‌షాపుల్లో రాదు. ఖాళీ కుర్చీని ఎదురుగా పెట్టి చనిపోయిన తల్లితో మాట్లాడమంటే కొందరికి ఏళ్లనాటి బరువు దిగుతుంది. అదే పని సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే తీవ్ర మానసిక స్థితి) ఉన్న మనిషితో చేయిస్తే పరిస్థితి విషమించవచ్చు. ఎవరితో చేయకూడదో తెలియాలంటే మానసిక వ్యాధులను దగ్గరనుంచి చూసి ఉండాలి. సైకాలజీ డిగ్రీ, ఆస్పత్రిలో ప్రాక్టికల్ శిక్షణ ముందుండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

వారాంతపు సర్టిఫికెట్లు, రికార్డు చేసిన వీడియో కోర్సుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గెస్టాల్ట్ మీకు సరిపడుతుందో లేదో చూసుకోవడానికి ఒక వర్క్‌షాప్ మంచిదే. టీచర్లకు, హెచ్‌ఆర్‌వాళ్లకు తమ పనిలో అది ఉపయోగపడుతుంది కూడా. దాన్ని చూపించి థెరపిస్ట్ అనిపించుకోవడం మాత్రం తప్పు.

ఏ దేశంలోనైనా ఇన్‌స్టిట్యూట్‌ను ఎంచుకునేటప్పుడు ఒకటి చూడండి. ఫ్రిట్జ్ పెర్ల్స్ 1960ల్లో కాలిఫోర్నియాలోని ఎసలెన్ అనే శిక్షణ కేంద్రంలో అందరి ముందూ ఒకరిని కూర్చోబెట్టి నిలదీసే పద్ధతితో పేరు పొందారు. లారా మాత్రం న్యూయార్క్‌లో నెమ్మదిగా, క్లయింట్‌కు ఆసరాగా ఉంటూ పనిచేశారు. ఇప్పుడు మంచి సంస్థలు చాలావరకు లారా వైపే నడుస్తున్నాయి. అందరి ముందు ఏడిపించడాన్నే థెరపీ అనుకునే శిక్షకులు ఇంకా ఉన్నారు. పెద్దలకు ఎదురు చెప్పడం అలవాటు లేని మన పిల్లలు అలాంటివాళ్ల దగ్గర వద్దనలేక నలిగిపోతారు. చేరేముందు ఒకరోజు పరిచయ కార్యక్రమానికి వెళ్లండి. అక్కడ ఎవరైనా 'నాకిది ఇష్టం లేదు' అన్నప్పుడు శిక్షకుడు ఏం చేస్తాడో చూడండి. ఆ మాటను గౌరవించని చోట ఫీజు కట్టొద్దు.

ఒక్కొక్కరికి ఒక్కటే దారి ఎంచమంటే, ఇంగ్లండ్‌లో స్థిరపడినవాళ్లకు నాలుగేళ్ల గెస్టాల్ట్ కోర్సే నేరుగా మేలు. అమెరికాలో ఉన్నవాళ్లు లైసెన్స్ వచ్చేదాకా గెస్టాల్ట్ మీద పెద్దగా ఖర్చు పెట్టకపోవడం మంచిది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు ఎం.ఏ.లో చేరిన మొదటి ఏడాదే సొంత థెరపీ మొదలుపెట్టాలి. అది ఎటూ తప్పదు కాబట్టి, డిగ్రీ చేతికొచ్చేసరికి గెస్టాల్ట్ బృందంలో కూర్చోవడానికి సిద్ధంగా ఉంటారు.