వేకువ వేటకు ఎర్రలైటు హెడ్‌లాంప్: తూర్పు టెక్సస్ అడవిలో వాడి చూశాక

హ్యూస్టన్‌కు ఉత్తరాన ఉన్న శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్టుకు నవంబరులో తెల్లతోక జింకల వేటకు వెళ్లేవారు కారు దిగేసరికి ఇంకా కటిక చీకటిగానే ఉంటుంది. టెక్సస్‌లో జింకను కాల్చడానికి చట్టం అనుమతించే సమయం సూర్యోదయానికి అరగంట ముందు మొదలవుతుంది కనుక, ఆ వేళకు చెట్టు మీది స్టాండులో (కూర్చుని జింక కోసం కాపు కాసే పీటలో) కుదురుకోవాలంటే అంతకు చాలా ముందే అడవిలో నడవాలి. ఆ నడక కోసం ఈ సీజనులో ఎర్ర, తెల్ల లైట్లు రెండూ ఉన్న హెడ్‌లాంప్, అంటే తలకు కట్టుకునే లైటు, ఒకటి కొన్నాను. మూడు ట్రిపుల్-ఏ బ్యాటరీలతో పనిచేస్తుంది, ధర 50 డాలర్ల లోపే. డబ్బా మీద వెలుగు 350 ల్యూమెన్లని పెద్ద అక్షరాలతో ముద్రించారు గాని, వేకువ వేటలో ఆ అంకెతో పెద్దగా పనిలేదు.

చూడవలసింది ఎర్రలైటుకు వేరే బటను ఉందా లేదా అన్నది. చీకటికి మన కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ప్రకాశవంతమైన తెల్లని వెలుగు కొద్దిసేపు పడినా ఆ అలవాటు చెదిరిపోతుంది. చీకట్లో చూపునిచ్చే కంటి కణాలు ఎరుపుకు అంతగా స్పందించవు కాబట్టి మసక ఎర్రలైటుతో ఆ నష్టం తక్కువ. తెలుపును దాటితే తప్ప ఎరుపు వెలగని లైటు ఉన్నా లేనట్టే. ఇందులో రెండు బటన్లూ వేరువేరుగా, చేతి తొడుగులున్నా వేళ్లకు తెలిసేలా ఉన్నాయి. కొన్నందుకు నాకు దక్కిన ప్రధానమైన లాభం ఇదే.

జింక కంట్లో రంగును పట్టే కణాలు రెండు రకాలే. ఒకటి నీలానికి, మరొకటి పచ్చకు బాగా స్పందిస్తుంది, ఎరుపు మాత్రం జింకకు మసకగానే తెలుస్తుంది. అలాగని ఎర్రలైటు వేసుకుంటే జింకకు కనబడకుండా పోతామనుకోవడం పొరపాటు. విచిత్రమేమిటంటే, వేటగాళ్ల కోసమే చేశామని చెప్పుకునే ఈ లైటులో బ్యాటరీ స్థితిని తెలిపే చుక్క దీపం నీలం రంగుది! జింక బాగా చూడగల రంగునే ఏరి మన నుదుటి మీద పెట్టారు. నల్లటి ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటించి ఆ బెడద వదిలించుకున్నాను. లైటును కిందికి వంచేటప్పుడు మడతబందు టక్కుమనడానికి మాత్రం విరుగుడు లేదు.

నడకకు ఎర్రలైటు వద్దని నా అభిప్రాయం. చాలామంది వేటగాళ్లు దీన్ని ఒప్పుకోరు. ఎర్ర వెలుగులో గోధుమ, తుప్పు రంగుల తేడాలు చెరిగిపోతాయి, ఈ అడవిలో ఉండే విషసర్పం కాపర్‌హెడ్‌ది సరిగ్గా ఆ రంగే. వెచ్చని రోజుల్లో నవంబరులోనూ అది తిరుగుతుంది. పైగా, ప్రభుత్వ వేట భూముల్లో 400 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు ధరించాలన్న టెక్సస్ నియమం పగటి వేళకు వర్తించేది. చీకట్లో మనం మనుషులమని తోటి వేటగాడికి చెప్పేది తలమీది లైటే. అందుకే తెలుపును అతి తక్కువ స్థాయిలో పెట్టి, నేలకు వంచి నడుస్తాను. స్టాండు దగ్గరకు చేరాక, చెట్టు మీంచి పడిపోకుండా కట్టుకునే బెల్టు బిగించుకోవడానికీ, ఖాళీ తుపాకిని తాడుతో పైకి లాగి గుళ్లు నింపుకోవడానికీ ఎరుపు చక్కగా సరిపోతుంది. గాయపడిన జింక నెత్తుటి జాడ వెతకడానికి మాత్రం ఎరుపు బొత్తిగా పనికిరాదు, ఆకుల మీది చుక్కలు కనిపించనే కనిపించవు.

ఈ లైటు దారి చూసుకోవడానికే. దాని వెలుగులో జింకను వెతికి కాల్చడం టెక్సస్‌లో నేరం. ఇండియాలోనైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద లైటు ఉన్నా లేకున్నా జింకల వేటే నేరం.

రీఛార్జి నమూనా కూడా దొరుకుతుంది. కానీ తెల్లవారకముందు అడవిలో ఛార్జి అయిపోతే చేయగలిగేదేమీ ఉండదు కనుక, బ్యాటరీలు మార్చుకునే ఈ నమూనానే కొనమంటాను. ఆల్కలైన్ సెల్స్ చలికి త్వరగా నీరసిస్తాయి కాబట్టి లిథియం సెల్స్ వేసి, అదనంగా మూడింటిని చొక్కా లోపలి జేబులో ఉంచుకోవడం మంచిది.