కరెంటు పోతే మాల్‌కి పోయాం

ముందే చెప్పేస్తున్నా, మేం షాపింగ్ కోసం వెళ్ళలేదు. మే నెల ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది, ఇన్వర్టర్ అరగంటకే కుయ్యోమనడం మొదలెట్టింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో అందరూ "ఎప్పుడొస్తుందట" అని ఒకరినొకరు అడుగుతున్నారే తప్ప చెప్పేవాళ్ళు లేరు. మామిడికాయ పప్పు తిని చల్లగా ఉంటుందని నేల మీద పడుకున్న మా ఆయన లేచి "పదండి, మాల్‌కి పోదాం, ఏసీ అయినా ఉంటుంది" అన్నారు. పది నిమిషాల్లో అందరం కార్లో ఉన్నాం, అత్తయ్య ఇంట్లో కట్టుకునే నేత చీరలోనే, చిన్నది ఒక్కో కాలికి ఒక్కో రంగు సాక్సుతో. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఉంటాం. మాల్ పేరు మాత్రం చెప్పను, తిట్టబోయేవి కొన్ని ఉన్నాయి మరి.

మొదటి తిట్టు లిఫ్టుకి. అత్తయ్యకి డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఎస్కలేటర్ ముందు కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని ఆగిపోయారు, "ఇది నా చీర లాగేసుకుంటుంది, మీరు వెళ్ళిరండి, నేనిక్కడే కూర్చుంటా" అని. లిఫ్టు ఎక్కడుందో ఒక్క బోర్డు లేదు. వెతగ్గా వెతగ్గా వాష్‌రూమ్‌ల పక్క సందు చివర దొరికింది, రెండిట్లో ఒకటి పనిచేయట్లేదు, పిల్లల బండ్లతో నిలబడ్డవాళ్ళు అప్పటికే ఎనిమిది మంది. అంత పెద్ద బిల్డింగ్ కట్టినవాళ్ళకి ముసలివాళ్ళు కూడా వస్తారని తోచలేదా? చివరికి అక్కడి సెక్యూరిటీ అమ్మాయి వచ్చి అత్తయ్య చెయ్యి పట్టుకుని, "కిందికి చూడకు అమ్మా, నా మొహం చూడు" అంటూ తను మెట్టు మీద వెనక్కి తిరిగి నిలబడి పైకి తీసుకెళ్ళింది. ఈ మాల్‌కి నేనిచ్చే మార్కుల్లో సగం ఆ అమ్మాయివే. దిగేటప్పుడు మాత్రం అత్తయ్య ససేమిరా అన్నారు, మళ్ళీ ఆ సందు, ఆ క్యూ.

పిల్లలుంటే గేమ్ జోన్ తప్పదు. కార్డు 50, అందులో కనీసం 500 వేయించాలి, వాడకుండా మిగిలిందేమీ తిరిగి ఇవ్వరు. ఒక్కో ఆట 79 రూపాయలు. లెక్క వేయండి, ఆరు ఆటలకి 474, మిగిలేవి 26, ఆ 26తో అక్కడ ఏ ఆటా రాదు. 79 అని ఊరికే పెట్టలేదు, ఆ మిగిలిన 26 మనల్ని మళ్ళీ కౌంటర్ దగ్గరికి లాక్కురావడానికే. మా పెద్దాడు "ఇంకో రెండొందలు వేస్తే రెండు ఆటలు నాన్నా" అని అక్కడే నిలబడి బేరం పెట్టాడు, లెక్కల్లో 40 తెచ్చుకునేవాడికి ఇది మాత్రం టకటకా వచ్చేసింది. బొమ్మల్ని కొండీతో పట్టే పెట్టె ఉంటుంది చూశారా, అది పట్టుకున్నట్టే పట్టుకుని గుంట దగ్గరికొచ్చేసరికి వదిలేస్తుంది. రెండు ఆటలు దానికే పోయాయి. మిగతా ఆటల్లో వచ్చిన టికెట్లన్నీ పోగేసి ఇస్తే ఒక పెన్సిల్ షార్ప్‌నర్ చేతిలో పెట్టారు. చిన్నది మాత్రం దాన్ని ఇప్పటికీ దిండు కింద పెట్టుకునే పడుకుంటోంది.

ఫుడ్ కోర్టు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మసాలా దోశ 170, చేతికొచ్చేసరికి 25 నిమిషాలు, వచ్చాక మెత్తబడిపోయింది. అత్తయ్య ఒక్క ముద్ద తిని "చట్నీలో పల్లీలు లెక్కపెట్టి వేశాడు" అన్నారు, అంతకంటే బాగా నేను చెప్పలేను. నీళ్ళ బాటిల్ విషయం తమాషాగా ఉంది. ఒకే రకం బాటిల్‌కి బయట ఒక ఎమ్మార్పీ, మాల్లో ఒక ఎమ్మార్పీ వేయడం 2018 జనవరి నుంచి కుదరదు. అందుకని ఇక్కడ ఇరవై రూపాయల బాటిలే పెట్టలేదు, అన్నీ 60 రూపాయల కంపెనీవే. మంచినీళ్ళ కూలర్ ఉంది, ఊరికే తాగొచ్చు, కాకపోతే అదీ ఆ వాష్‌రూమ్‌ల సందులోనే, దానికీ బోర్డు లేదు. కింద ఫ్లోర్లో చిన్న కాఫీ బండి ఉంది, 60 రూపాయలకి చిక్కటి డికాక్షన్‌తో ఫిల్టర్ కాఫీ, అది మాత్రం తాగి తీరాలి. నేను రెండు తాగాను.

బట్టల షాపుల్లో ఊరికే తిరిగాం. అత్తయ్య ఒక కుర్తా చీటీ తిప్పి 1,799 చూసి, దాన్ని జాగ్రత్తగా మడత మీద మడత పెట్టి మళ్ళీ అక్కడే ఉంచేశారు. "సుల్తాన్ బజార్లో అయితే ఎంతో తెలుసా అమ్మాయ్" అని మొదలెడితే గబగబా బయటికి తీసుకొచ్చేశాను. బేస్‌మెంట్లో పెద్ద సూపర్ మార్కెట్ ఉంది. కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో మామిడిపళ్ళు పెట్టెలకి పెట్టెలు తెచ్చుకునేవాళ్ళం, అది ఊరవతల బాటసింగారం వెళ్ళిపోయాక ఇలా ఏసీలో కిలోల లెక్కన కొనుక్కోవాల్సి వస్తోంది. బంగినపల్లి పళ్ళు బాగున్నాయి, తొడిమ దగ్గర వాసన చూసి అత్తయ్యే ఏరారు. బిల్లు దగ్గర సంచికి 15 అన్నారు, పైగా ఆ సంచి మీద వాళ్ళ పేరే. తమ పేరు అచ్చేసుకున్న సంచికి జనం దగ్గర డబ్బులు తీసుకోవడం తప్పని వినియోగదారుల కమిషన్లు ఎన్నిసార్లు చెప్పినా ఈ అడగడం మాత్రం ఆగలేదు. అత్తయ్య మాట్లాడకుండా తన చేతిసంచిలోంచి మడత పెట్టిన గుడ్డ సంచి తీశారు.

ఇక పార్కింగ్. నాలుగు గంటల పైన ఉన్నాం, గేటు దగ్గర అబ్బాయి "వంద సార్" అన్నాడు. మా ఆయన ఫోన్ తీసి స్కాన్ చేయబోతుంటే నేను ఆపాను. తెలంగాణలో 2018 ఏప్రిల్ 1 నుంచి మాల్స్‌కి రూల్ ఉంది. మొదటి అరగంట ఎవరికైనా ఫ్రీ, అరగంట నుంచి గంట దాకా ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఫ్రీ, గంట దాటితే పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ బిల్లు చూపిస్తే ఫ్రీ. ఆ మాటే చెప్పాను. "ఫుడ్ కోర్టు బిల్లు నడవదు మేడమ్" అన్నాడు. వెనక హారన్లు, మా ఆయన టెన్షన్, "వందే కదా ఇచ్చేద్దాం" అని. ఈలోగా వెనక సీట్లోంచి అత్తయ్య చెయ్యి ముందుకొచ్చింది, రబ్బరు బ్యాండు వేసిన బిల్లుల కట్టతో. మామిడిపళ్ళ బిల్లు, దోశల బిల్లు, కాఫీ చీటీలు, గేమ్ జోన్ రశీదు, ఒక్కటీ పారేయలేదావిడ. మామిడిపళ్ళ బిల్లే 640 ఉంది. అబ్బాయి ఎవరికో ఫోన్ చేసి గేటు ఎత్తాడు. వాడి మీద నాకేం కోపం లేదు, వాడికి చెప్పింది వాడు చేస్తున్నాడు, కానీ ఆ రూలు కనిపించేలా అక్కడ బోర్డు పెట్టడానికి మాల్ వాళ్ళకి ఏం అడ్డమొచ్చిందో.

వెళ్ళేవాళ్ళు ఆదివారం మూడింటి లోపే వెళ్ళండి, ఐదు దాటితే కూర్చోవడానికి బెంచీ దొరకదు. బిల్లులు పారేయకండి, గుడ్డ సంచి మర్చిపోకండి, గేమ్ జోన్ పక్కగా పోకుండా వేరే దారి ఉంటే నాకూ చెప్పండి. అయిదుకి మూడు స్టార్లు.

ఇంటికొచ్చేసరికి ఏడున్నర. కరెంటు మేం అలా బయల్దేరామో లేదో ఇలా వచ్చేసిందట, వాచ్‌మన్ చెప్పాడు. స్విచ్‌లు ఆపకుండా వెళ్ళాం, తలుపు తీస్తే మూడు ఫ్యాన్లు, బెడ్రూమ్ ఏసీ, టీవీ అన్నీ ఖాళీ ఇంట్లో హాయిగా నడుస్తున్నాయి.