సాండెఫ్యోర్డ్ తిమింగల వేట మ్యూజియం: ముందు ఓడ ఎక్కండి

నార్వేలోని సాండెఫ్యోర్డ్‌కు వెళ్లేవారు మ్యూజియం కన్నా ముందు రేవులోని 'సదరన్ యాక్టర్' ఓడ ఎక్కడం మంచిది. 1950లో ఇంగ్లండ్‌లోని స్మిత్స్ డాక్ ఓడల కార్ఖానాలో కట్టిన ఆవిరి వేట ఓడ ఇది. లోపలికి వెళ్లనిచ్చేది వేసవిలోనే, కాబట్టి ప్రయాణం ఆ నెలలకే పెట్టుకోండి.

అణియంలో, అంటే ఓడ ముందు కొసన, హార్పూన్‌ను, అంటే మోకు కట్టిన ఈటెను, పేల్చే ఫిరంగి ఉంటుంది. ఆ తరం ఓడలపై 90 మిల్లీమీటర్లది మామూలు. బ్రిడ్జి, అంటే ఓడను నడిపే ఎత్తైన చోటు, నుంచి ఫిరంగి దాకా సన్నటి నడవ వేశారు. ఎందుకంటే కెప్టెనే గన్నర్, అంటే ఫిరంగి పేల్చేవాడు. చివరి క్షణం దాకా పైనుంచి ఓడకు దారి చెప్పి, ఆ నడవ మీద పరుగెత్తి వచ్చి పేల్చేవాడు.

అసలు చూడాల్సింది మోకు దారి. హార్పూన్ మోకు నేరుగా వించ్‌కు, అంటే దాన్ని చుట్టి లాగే యంత్రానికి, పోదు. స్తంభానికి వేలాడే కప్పీ మీదుగా పోతుంది. ఆ కప్పీని పట్టి ఉంచే తాడు కిందికి దిగి, ఓడ అడుగున వరుసగా అమర్చిన బలమైన స్ప్రింగులకు కలుస్తుంది. తిమింగలం గుంజినా, అల మీద ఓడ లేచినా ఆ ఊపును స్ప్రింగులే మింగుతాయి. గాలపు కర్ర వంగి దారాన్ని కాపాడినట్టే. అవి లేకపోతే మోకు పుటుక్కున తెగుతుంది. నీలి తిమింగలం చచ్చాక మునిగిపోతుంది గనుక, ఓడ పక్కకు లాగిన వెంటనే గొట్టంతో దాని ఒంట్లోకి గాలి కొట్టేవారు.

యజమాని లెక్క ఇక్కడే మొదలవుతుంది. కళేబరంలోని వేడిని కొవ్వు పొర బయటికి పోనివ్వదు. ఆలస్యమైతే లోపలి నుంచే కుళ్లి, నూనెలో ఆమ్లం పెరిగి ధర పడిపోతుంది. తిమింగలాలను కోసి నూనె తీసే ఫ్యాక్టరీ ఓడ ఉడికించగలిగిన దానికన్నా ఎక్కువ చంపితే నష్టమే. 1925లో 'లాన్సింగ్' అనే ఫ్యాక్టరీ ఓడకు అమరం వైపు, అంటే వెనక కొసన, ర్యాంపు వచ్చాక తిమింగలాన్ని నడిసముద్రంలోనే డెక్ మీదికి లాగడం సాధ్యమైంది.

ఇవి తెలుసుకుని మ్యూజియంలోకి వెళ్తే గదులన్నీ మాట్లాడతాయి. 1917లో దీన్ని ఊరికిచ్చిన లార్స్ క్రిస్టెన్‌సెన్ స్వయంగా వేట కంపెనీల యజమాని. ఆయన తండ్రికి చెందిన ఫ్రామ్నెస్ ఓడల కార్ఖానాలోనే అంటార్కిటికా అన్వేషకుడు షాకిల్టన్ ఓడ 'ఎండ్యూరెన్స్' తయారైంది, 1912లో, 'పొలారిస్' పేరుతో. లార్స్‌ను కేవలం అన్వేషకుడిగా చూడకండి. 1927 నుంచి 'నార్వేజియా' ఓడతో ఆయన అంటార్కిటికాకు పంపిన యాత్రలు సైన్సుకు మేలు చేశాయి, నిజమే. కానీ బ్రిటన్ లైసెన్సులు, సుంకాల బెడద లేని వేట జలాలు కావాలన్నది వాటి వెనకున్న అవసరం.

నిలువెత్తు నీలి తిమింగలం నమూనా దగ్గర మాత్రం తొందరపడకండి. ఒక్క 1930–31 సీజన్‌లోనే అంటార్కిటికా సముద్రాల్లో ఇలాంటివి 29 వేలకు పైగా చంపారు. ఆ నూనె మార్కెట్లో పేరుకుపోయి ధర కుప్పకూలింది. మరుసటి సీజన్‌కు నార్వే వేట ఓడలు దాదాపు అన్నీ సొంత రేవుల్లోనే లంగరేసి ఉండిపోయాయి.

ఓడకు గంట, మ్యూజియానికి రెండు గంటలు కేటాయించండి. ఓడలో ఇనుప నిచ్చెనలు నిటారుగా ఉంటాయి, జారని బూట్లు వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవారు కిందికి దిగకపోయినా పర్వాలేదు. డెక్ మీది నుంచే ఫిరంగి, నడవ, కప్పీ అన్నీ కనిపిస్తాయి.