నా బేస్ గిటార్: అందమంతా వెనకవైపే

దీన్ని చూసినవారంతా పైపలక మీది చెక్క చారల్నే మెచ్చుకుంటారు. నాకు మాత్రం దీన్ని బోర్లా తిప్పి చూసుకోవడమే ఇష్టం. మేపుల్, రోజ్‌వుడ్ పట్టీలు ఐదింటిని అతికించి చెక్కిన మెడ, తల నుంచి అడుగుదాకా ఏకంగా సాగుతుంది. ఒంటికి రెండు పక్కలా ఉన్న రెక్కలు దానికే అతుక్కుని ఉంటాయి. మెడ, ఒళ్లు కలిసేచోట చేతికి అంచు తగలదు. చివరి ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా పొదిగిన సన్న లోహపు కడ్డీలు) దాకా బొటనవేలు ఎక్కడా ఆగదు. వేదిక కింద కూర్చున్నవారికి ఎన్నడూ కనబడని ఆ వంపు మీద ఎంత చిత్రిక పట్టారో, ఎంత ఉప్పు కాగితం అరగదీశారో!

కొన్న కొత్తలో, వార్నిష్ లేకుండా నూనె మాత్రమే పట్టించిన ఆ నునుపును కనబడ్డవారందరి దగ్గరా పొగిడాను. ఇప్పుడైతే కాస్త ఆచితూచి చెబుతాను. మొదటి వేసవిలోనే నల్లగొండ ఎండ తన సంగతి చూపించింది. గాలిలో తేమ పోయేసరికి ఫింగర్‌బోర్డు, అంటే మెడ మీద వేళ్లతో తీగలు నొక్కే చెక్కపలక, అడ్డంగా కుంచించుకుపోయింది. చెక్క పొడవునా పెద్దగా తగ్గదు, తగ్గేదంతా వెడల్పులోనే. ఫ్రెట్ల లోహానికి ఆ బాధ లేదు కనుక వాటి కొనలు రెండు వైపులా పొడుచుకొచ్చాయి. ఆదివారం ఆరాధనలో, పాట మధ్యలో చెయ్యి కిందికి జార్చగానే చూపుడువేలు తెగింది. తయారుచేసినవారికి ఫోను చేస్తే, "పంపండి, చూస్తాం" అన్నారు. రానుపోను ఖర్చు మాత్రం నాదేనట!

చివరికి క్లాక్‌టవర్ దగ్గర నగలు చేసే పెద్దాయనకు చూపించాను. "ఇది ఎలా మోగుతుందో నాకు తెలియదు సార్. అంచు మాత్రం ఉంగరం అంచులాంటిదే" అంటూ చెక్కకు టేపు అంటించి, సన్న ఆకురాయితో ఒక్కో కొననూ ఏటవాలుగా అరగదీశారు. నా కళ్లకు అది ఈ వాయిద్యంలో రెండో కళాకారుడి పని. అప్పటి నుంచి ఎండాకాలమంతా పెట్టెలో, చిల్లులున్న సబ్బుడబ్బాలో తడి స్పాంజి ఉంచుతున్నాను. మళ్లీ వేలు తెగలేదు.

ఇలా ఒంటితో ఏకమైన మెడకు ఇంకో చిక్కు ఉంది. 1951లో లియో ఫెండర్ తెచ్చిన బేస్‌కు మెడను నాలుగు మరలతో బిగించారు. అది పాడైతే విప్పి ఇంకొకటి వేసుకోవచ్చు. దీనికి ఆ వీలు లేదు. తీగలేమో రాత్రింబవళ్లు 70 కిలోలకు పైగా బలంతో లాగుతూనే ఉంటాయి. మిర్యాలగూడ, దేవరకొండ పెళ్లిళ్లకు బైకు మీద తిరిగే కుర్రాళ్లకు మరల గిటారే మేలేమో. నేను ఇంట్లో, చర్చిలో తప్ప వాయించను. పైగా పిల్లల ఫీజులన్నీ తీరిపోయాకే దీన్ని కొన్నాను.