సదస్సుకి వెళ్ళి కచేరీల మధ్య గడిపిన వారం: డిసెంబర్ చెన్నై

డిసెంబర్ మూడో వారం మొత్తం చెన్నైలోనే ఉన్నాను. గుంటూరులో లా పాఠాలు చెప్పుకునే నాకు ఒకే వారంలో మూడు పనులు కలిసొచ్చాయి: మేధో సంపత్తి చట్టాల మీద రెండు రోజుల సదస్సు, ఒక వీడియో చానల్ వాళ్ళ ఇంటర్వ్యూ, మిగతా టైమంతా సంగీతం, డిసెంబర్ అంటే చెన్నైలో కచేరీల నెల కదా. వచ్చిన దగ్గర్నుంచి మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఎక్కడ దిగావు, ఎంత అయింది, టికెట్లు దొరుకుతాయా, ఒక్కదానివే వెళ్ళావు భయం వెయ్యలేదా అని అడుగుతూనే ఉన్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

తెనాలిలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో చెన్నై సెంట్రల్‌లో దించేస్తుంది. పగటి ప్రయాణం, చైర్ కార్, రాత్రి నిద్ర పాడవ్వదు, సదస్సులో చదవాల్సిన నా పేపర్ మళ్ళీ ఒకసారి చూసుకోడానికి ఆరు గంటలు దొరికాయి. సెంట్రల్‌లో దిగాక బయట ఆటో వాళ్ళతో బేరాలాడే కన్నా నేరుగా కిందకి దిగి మెట్రో పట్టుకోవడం మంచిది.

మొదటి రెండు రాత్రులు మాత్రం బస కుదరలేదు. సదస్సు వాళ్ళిచ్చిన గెస్ట్‌హౌస్ ఊరికి దక్షిణాన, ఐటీ ఆఫీసులు దాటాక ఉంది. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే, ఆ మాట చెప్పాలి. కానీ రాత్రి ఎనిమిదికి వంటగది మూసేస్తారు, పదికి గేటు వేసేస్తారు, వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఏడు దాకానే. మొదటి రోజు సెషన్లు అయ్యాక సాయంత్రం కచేరీకి వెళ్దామని ఎంతో ఆశపడ్డాను, కచేరీకి గుండెకాయలాంటి రాగం తానం పల్లవి మొదలయ్యే టైముకి గేటు గుర్తొచ్చి లేచి రావాల్సి వచ్చింది. వాచ్‌మన్‌ని బతిమాలితే ఆయన పాపం నా ఉద్యోగం పోతుందమ్మా అన్నాడు, ఆయన్నేం అంటాం. కచేరీలు కూడా వినాలనుకుని వెళ్ళేవాళ్ళు ఫ్రీగా ఇచ్చారు కదా అని ఊరి చివర బస ఒప్పుకోకండి, ఆ మిగిలే డబ్బులు క్యాబ్‌లకే పోతాయి.

సదస్సు సంగతికొస్తే, దీపప్రజ్వలన, శాలువాలు, ఉపన్యాసాలు కలిసి మొదటి పూట తినేశాయి, మా పేపర్లకి మనిషికి ఎనిమిది నిమిషాలు మిగిలాయి. దూరం నుంచి వచ్చిన పీహెచ్‌డీ పిల్లలు నాలుగో స్లైడ్ దగ్గరే ఆగిపోతుంటే నాకు బాధేసింది. నా పేపర్ ప్రదర్శకుల హక్కుల మీద, అంటే పాట రాసినవాళ్ళకీ స్వరం కట్టినవాళ్ళకీ కాకుండా పాడేవాళ్ళకీ వాయించేవాళ్ళకీ చట్టం ఏమిస్తుంది అన్న విషయం. 1957 కాపీరైట్ చట్టంలో మొదట వాళ్ళ ఊసే లేదు. 1977లో ఒక సుప్రీంకోర్టు తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు, ఆయన చదివింది కూడా మద్రాసు లా కాలేజీలోనే, గాయకుడికి హక్కు లేకపోవడం అన్యాయమని విడిగా రాశారు, ఆ మాట చట్టంలోకి ఎక్కడానికి 1994 సవరణ దాకా పట్టింది. ఇప్పుడు ప్రదర్శన మీద ఆ హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. త్యాగరాజస్వామి 1847లో పోయారు, ఆయన కీర్తన అందరి సొత్తు, కానీ నిన్న సాయంత్రం ఒకమ్మాయి ఆ కీర్తన పాడిన తీరు, పక్కన మృదంగం అబ్బాయి వాయించిన తని ఆవర్తనం, అంటే పాట ఆపి మృదంగానికే వదిలేసే వంతు, అవి వాళ్ళవి. ముందు వరసలో కూర్చుని ఫోన్లో మొత్తం రికార్డు చేసి ఆ రాత్రే నెట్‌లో ఎక్కించేసేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పట్లేదు, నేను ఎనిమిది నిమిషాల్లో చెప్పగలిగింది అంతే. మిగతాదంతా భోజనాల దగ్గర మాట్లాడుకున్నాం, నిజానికి సదస్సులో నాకు బాగా ఉపయోగపడింది ఆ భోజనాల వరసే. కేరళ నుంచి వచ్చిన ఒక మేడమ్ సభల వాళ్ళు, అంటే కచేరీలు పెట్టే సంస్థల వాళ్ళు, కళాకారులతో రాయించుకునే కాగితాల గురించి చెప్పిన విషయాలు రెండు నోట్‌బుక్ పేజీలు నిండాయి.

మూడో రోజు పొద్దున్నే సూట్‌కేస్ పట్టుకుని మైలాపూర్ వచ్చేశాను. తరమణి వైపు నుంచి ఎమ్మార్టీఎస్ అనే లోకల్ రైలు ఎక్కితే తిరుమయిలై స్టేషన్‌లో దిగొచ్చు, టికెట్ పది రూపాయల లోపే, ట్రాఫిక్ గొడవ లేదు. స్టేషన్లు మాత్రం పెద్దవి, రాత్రిపూట బోసిగా ఉంటాయి, ఒంటరి ఆడవాళ్ళు తొమ్మిది దాటాక ఆటోలో రావడమే మేలు. కపాలీశ్వరస్వామి గుడికి రెండు వీధుల అవతల పాతకాలపు లాడ్జి, రోజుకి రెండువేల రెండొందలు, లిఫ్ట్ లేదు, గది చిన్నది, కానీ కింద కౌంటర్లో ఉండే పెద్దావిడ నెల్లూరు ఆవిడ. ఎన్నింటికైనా రామ్మా, కచేరీల నెల కదా, తలుపు తీసే ఉంటుంది అంది. ఆ ఒక్క మాటకే నేను ఇంకో వెయ్యి ఇచ్చేదాన్ని. మనకి ధనుర్మాసం, వాళ్ళకి మార్గళి. తెల్లారకుండానే మాడవీధుల్లో భజన వాళ్ళు పాడుకుంటూ వెళ్తుంటే మెలకువ వచ్చేది, కిటికీ తీస్తే తడి నేల మీద ఎవరో ముగ్గు పెడుతూ ఉండేవాళ్ళు.

మధ్యలో ఒక పూట మద్రాసు హైకోర్టుకి కేటాయించా. సెంట్రల్ నుంచి మెట్రోలో ఒక్కటే స్టేషన్. అక్కడ ప్రాక్టీస్ చేస్తున్న నా పాత స్టూడెంట్ పాస్ ఇప్పించి లోపలికి తీసుకెళ్ళాడు, క్రిస్మస్ సెలవులు ఇచ్చేస్తే లోపల ఏమీ ఉండదు, ముందే వెళ్ళండి. 1892లో తెరిచిన ఎర్రటి భవనం, పైన ఒక గోపురంలో 1977 దాకా లైట్‌హౌస్ వెలిగేది, 1914లో ఎండెన్ అనే జర్మన్ ఓడ గుండ్లు వేసిందని చెప్పే పలక గోడ మీద ఉంది. అవన్నీ గైడ్లు చెప్తారు. నాకు మాత్రం ఆ వరండాల్లో నడుస్తుంటే మా తాతయ్య గుర్తొచ్చారు, ఆయన గుంటూరులో ప్లీడరు గుమాస్తా, 1954లో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో పెట్టేదాకా అప్పీలు కాయితాల కట్టలు సంచిలో పెట్టుకుని రైల్లో ఈ కోర్టుకే వచ్చేవారు. అప్పుడు ఇక్కడ ప్రధాన న్యాయమూర్తి మన పి.వి. రాజమన్నారు గారు, తెలుగులో నాటకాలు రాసినాయన, 1953లో సంగీత నాటక అకాడమీ పెడితే దానికి మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. ఇదే కోర్టులో జడ్జిగా చేసి సుప్రీంకోర్టుకి వెళ్ళిన టి.ఎల్. వెంకట్రామయ్యర్ గారు అంతకుముందే, 1944లో, మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. గాయని డి.కె. పట్టమ్మాళ్ గారికి ముత్తుస్వామి దీక్షితార్ కృతులు నేర్పింది ఆయనే. లా చదివేవాళ్ళకి పాటలెందుకు అనే పెద్దలు మా దగ్గర ఇంకా ఉన్నారు, వాళ్ళకి ఈ ఇద్దరి పేర్లు చెప్తా ఇకనుంచి.

ఇంటర్వ్యూ నాలుగో రోజు సాయంత్రం. స్టూడియో చిన్నది, ఏసీ గట్టిగా ఉంది, యాంకరమ్మాయి బాగా చదువుకుని వచ్చింది, మంచి ప్రశ్నలు వేసింది, నలభై నిమిషాలు హాయిగా మాట్లాడుకున్నాం. రెండ్రోజుల తర్వాత చూస్తే ఐదు నిమిషాల ముక్క, పైన కచేరీ వీడియో తీస్తే జైలే అని ఎర్రక్షరాల్లో హెడ్డింగ్, నేను ఆ మాట అననే లేదు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చట్టంలో ప్రదర్శకుడు అంటే నటులు, గాయకులు, గారడీవాళ్ళు, పాములాడించేవాళ్ళు అని రాసుకుంటూ వచ్చి ఉపన్యాసం ఇచ్చేవాళ్ళని కూడా చేర్చారు, అంటే పాఠం చెప్పే మాకూ ఆ హక్కు ఉంది. పరువు పోయేలా ప్రదర్శనని వక్రీకరిస్తే అడ్డుకోవచ్చని 2012 సవరణలో వచ్చిన 38బి సెక్షన్ అంటుంది, కానీ టైము సరిపెట్టడానికి కత్తిరించడం మాత్రం వక్రీకరణ కాదని కిందే వివరణ ఉంది. కాబట్టి ఐదు నిమిషాలకి కోసేయడం మీద నాకేం ఫిర్యాదు లేదు, హెడ్డింగ్ మీద మాత్రం మెయిల్ పెట్టా, ఒక రోజంతా పట్టింది గానీ మార్చారు. ఇంటర్వ్యూలు ఇచ్చేవాళ్ళకి నా సలహా, హెడ్డింగ్ ముందు నాకు చూపించాలని మైక్ పెట్టుకోకముందే అడగండి, మొహమాటపడకండి.

ఇక కచేరీలు. మ్యూజిక్ అకాడమీలో పొద్దున ఎనిమిదికి సోదాహరణ ప్రసంగాలు ఉంటాయి, టికెట్ లేదు, వెళ్ళి కూర్చోవడమే. మూడు రోజులు వరసగా వెళ్ళాను. ఒక రాగం నూరేళ్ళలో ఎలా మారుతూ వచ్చిందో పాత రికార్డులు పెట్టి, ఆపి, పాడి చూపిస్తుంటే, పక్కన డెబ్భై ఏళ్ళ పెద్దాయన నోట్సు రాసుకుంటున్నారు, నా క్లాసులో అలా రాసుకునేవాళ్ళని చూసి ఎన్నాళ్ళయిందో. సాయంత్రం పెద్ద కచేరీలకి సీజన్ టికెట్లు ముందే అయిపోతాయి, ఏ రోజుకారోజు బాల్కనీ కోసం పొద్దున్నే క్యూ కట్టాలి, నాకు ఒక్కరోజే దొరికింది. వెనక వరస అయినా సౌండ్ చాలా బాగుంది. క్యాంటీన్లు ఎంత గొప్పగా చెప్తారో అంత బాగానే ఉన్నాయి, అరిటాకు భోజనం కన్నా నాకు సాయంత్రం అడై అవియలూ, ఫిల్టర్ కాఫీ నచ్చాయి. అయితే కచేరీ మధ్యలో, సరిగ్గా తని మొదలవ్వగానే, సగం హాలు క్యాంటీన్‌కి లేచిపోవడం చూస్తే మనసు కష్టంగా ఉంటుంది. మృదంగం వాళ్ళకి ఆ సాయంత్రం మొత్తంలో దక్కేది ఆ పది పదిహేను నిమిషాలే కదా.

అన్నిటికన్నా మధ్యాహ్నం కచేరీలు వినండి అంటాను నేను. ఒంటిగంటన్నరా రెండింటికి చిన్న వయసు వాళ్ళు పాడతారు, చాలా సభల్లో టికెట్ ఉండదు, జనమూ ఉండరు. నేను వెళ్ళిన చిన్న హాల్లో లెక్కపెడితే ఇరవై రెండు మంది. పాడిన అమ్మాయికి ఇరవై దాటి ఉండవు, తమిళమ్మాయి, తోడి రాగం అరగంట పాడింది, కీర్తన ఎత్తుకున్నాక తెలుగు మాటలు అంత శుద్ధంగా వస్తుంటే ఎక్కడ నేర్చుకుందా అనుకున్నా, ఒక్క చోట మాత్రం సమాసం మధ్యలో విరిగింది. అయిపోయాక వెళ్ళి చాలా బాగా పాడావమ్మా అని, చెప్పాలా వద్దా అనుకుంటూనే ఆ మాట సంగతి చెప్పాను. వాళ్ళమ్మగారు వెంటనే సంచిలోంచి నోట్‌బుక్ తీశారు. తమిళ లిపిలో తెలుగు సాహిత్యం. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కదా, అందుకని అక్షరం పైన చిన్న చిన్న అంకెలు, గ అయితే 3, ఘ అయితే 4, పేజీ నిండా నీలం ఇంకు అక్షరాలు, ఎర్ర ఇంకు అంకెలు. అంచులు నలిగిపోయి, కొన్ని చోట్ల అంకె కొట్టేసి మళ్ళీ వేసి ఉంది. నాలుగు వందల పాటలు ఉన్నాయట అలా. నేను మన భాషలో పుట్టి, ఆ పాటల్లో నలభై కూడా పూర్తిగా రాని మనిషిని, ఆ పుస్తకం చేతిలో పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. ఆవిడే అడిగారు, కొన్నిటికి అర్థం, పద విభజన రాసిస్తారా మేడమ్, మాకు అడగడానికి ఎవరూ లేరు అని. నాలుగు పాటల పేజీలు ఫోన్లో ఫోటో తీసుకున్నా, ఆవిడ అనుమతి అడిగే తీసుకున్నా.

వెళ్ళేవాళ్ళకి ఇంకొన్ని. మైలాపూర్‌లో లజ్ అనే కూడలి దగ్గర మెట్రో పనుల వల్ల రోడ్లన్నీ తవ్వి మళ్ళించేశారు, కిలోమీటరు దూరానికి ఆటో అరగంట తీసుకుంటుంది, నడిచి వెళ్ళండి. హాళ్ళలో ఏసీ చలి ఎక్కువ, శాలువా ఉంచుకోండి. టిఫిన్‌కి తూర్పు మాడవీధిలో కర్పగాంబాళ్ మెస్ బాగుంది. ఖాళీ ఉంటే లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో ఒక సాయంత్రం కూర్చోండి, మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే, హైకోర్టు ఎక్కడ పెట్టాలో సీమకీ కోస్తాకీ మధ్య 1937లో ఒప్పందం రాసుకున్నది ఆయన ఇల్లు శ్రీబాగ్‌లోనే. ఆ పార్కు బెంచీ మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసి మా వారితో వచ్చే డిసెంబర్‌లో ఇద్దరం పదిరోజులు వద్దామని చెప్పా, లాడ్జి ఆవిడకి గది కూడా చెప్పేశా.

తిరుగు ప్రయాణమూ పినాకినిలోనే, మధ్యాహ్నం రెండు దాటాక బయల్దేరింది. సీటు ముందు బల్ల దించుకుని ఆ నాలుగు పాటలూ ఒక్కొక్క మాటా విడదీసి, అర్థం పక్కన రాసి, ఆవిడకి వీలుగా ఉంటుందని గ దగ్గర 3, ఘ దగ్గర 4 అంకెలు నేనూ వేశాను. గూడూరులో మొదటిది అయింది, ఒంగోలు వచ్చేసరికి నాలుగోది పూర్తయింది, సిగ్నల్ రాగానే ఫోటోలు పంపేశా. బాపట్ల దాటుతుండగా రిప్లై వచ్చింది, ఇంకో ఆరు పేజీల ఫోటోలు.