వాల్యూమ్ నాబ్ మీద నెయిల్ పాలిష్ చుక్క: పాటకీ సినిమాకీ ఒకే జత స్పీకర్లు

మా ఇల్లు విశాఖ లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో. హాలు పద్నాలుగు అడుగులకి పన్నెండు. అందులోనే నాకు పాటలు కావాలి, మా ఆవిడకీ పిల్లలకీ సినిమాలు కావాలి. రెండు సెట్లు పెట్టే జాగా లేదు, ఉన్నా ఇంట్లో ఒప్పుకోరు. కాబట్టి ఉన్న స్టీరియోనే హోమ్ థియేటర్‌గా పెంచుకున్నాను. మూడేళ్లు దాటింది. కొత్త మోజంతా తీరిపోయింది కనుక ఇప్పుడు రాస్తే నిజం రాస్తాననిపించింది.

మా నాన్నగారి పాత స్టీరియో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుతో పోయింది. కిటికీ అద్దాలు పగిలి వాన లోపలికి కొట్టింది, స్పీకర్ కోన్లు నానిన అప్పడాల్లా అయిపోయాయి. 2017లో మారంట్జ్ పీఎం6006 ఆంప్లిఫయర్ కొన్నాను. ఛానెల్‌కి 45 వాట్లే, మా హాలుకి ధారాళంగా చాలు. 2021లో వార్ఫ్‌డేల్ డైమండ్ 12.2 స్పీకర్లు వచ్చాయి. ఆ మరుసటి ఏడు, సినిమా శబ్దాన్ని అన్ని స్పీకర్లకీ పంచే ఏవీ రిసీవర్ (ఏవీఆర్) డెనాన్ ఏవీఆర్-ఎక్స్3700హెచ్, మాటలకి డైమండ్ 12.సి సెంటర్ స్పీకరు, వెనక్కి రెండు చిన్న సరౌండ్ స్పీకర్లు, లోతైన శబ్దాలకి పది అంగుళాల సబ్‌వూఫర్.

"ఏవీఆర్ వచ్చాక ఆ మారంట్జ్ ఎందుకండీ, అమ్మేయండి" అన్నాడు షాపతను. మొదటి నెల నేనూ అన్ని స్పీకర్లూ డెనాన్‌కే కలిపి విన్నాను. నిజం చెప్పాలంటే పాటలు బాగానే వినిపించాయి. కానీ మొదటి ఆదివారమే ఒక వింత. ఘంటసాల పెడితే ఆయన గొంతు, వెనక వయొలిన్లు, తబలా అన్నీ కలిసి టీవీ కింద సెంటర్ స్పీకర్లోకి దూరిపోయాయి. రెండు పక్కల స్పీకర్లూ మూగబోయాయి. ఏదో కాలిపోయిందని కంగారు పడ్డాను. తీరా చూస్తే ముందురోజు రాత్రి సినిమాకి పెట్టిన డాల్బీ సరౌండ్ మోడ్, అంటే రెండు ఛానెళ్ల శబ్దాన్ని అన్ని స్పీకర్లకీ పంచేది, అలాగే ఉంది. పాత పాటలు మోనో. రెండు ఛానెళ్లలోనూ ఒకటే శబ్దం ఉంటే ఆ మోడ్ దాన్ని మాటలనుకుని మధ్యకి తోసేస్తుంది. రిమోట్‌లో డైరెక్ట్ నొక్కితే సరిపోతుంది, ఆ మార్పులేవీ లేకుండా పాట పాటలాగే వస్తుంది. కానీ పాట పెట్టిన ప్రతిసారీ టీవీ రిమోట్, డెనాన్ రిమోట్ వెతుక్కుని, మోడ్ మార్చి, అప్పుడు కూర్చోవాలంటే విసుగొచ్చింది.

అందుకే మారంట్జ్‌ని అమ్మలేదు. డెనాన్ వెనకవైపు, ముందు స్పీకర్లకని ప్రీ-అవుట్ ఉంది, అంటే వాటి శబ్దాన్ని బయటి ఆంప్‌కి ఇచ్చే సాకెట్లు. దాన్నుంచి రెండు ఆర్‌సీఏ వైర్లు మారంట్జ్‌లో ఖాళీగా ఉన్న ఒక ఇన్‌పుట్‌కి తెచ్చాను. ముందు స్పీకర్లు రెండూ మారంట్జ్‌కే, మిగతావి డెనాన్‌కి. సినిమా చూసేటప్పుడు మారంట్జ్ ఉత్త పవర్ ఆంప్‌లా, అంటే వచ్చిన శబ్దాన్ని పెంచి స్పీకర్లకి పంపేదానిలా పనిచేస్తుంది. పాట వినేటప్పుడు డెనాన్ స్విచ్ కూడా వేయక్కర్లేదు. సీడీ ప్లేయరు, మారంట్జ్, రెండు స్పీకర్లు, అంతే. నేను ఎక్స్3700హెచ్ కొన్నదే ఈ ప్రీ-అవుట్ కోసం. అదే వరసలో చవకైన ఎక్స్1700హెచ్‌లో సబ్‌వూఫర్‌కి తప్ప ప్రీ-అవుట్ లేదు.

ఇందులో ఒక చిక్కుంది. సినిమా వేళ మారంట్జ్ వాల్యూమ్ ఎప్పుడూ ఒకే చోట ఉండాలి. మొదట నాబ్‌ని గడియారంలో పన్నెండు మీద పెట్టి డెనాన్‌తో వచ్చిన మైకుతో స్పీకర్ల శబ్దం కొలిపించాను. ముందు స్పీకర్లని అది మైనస్ 12 డెసిబెల్స్‌కి దించేసింది. దించగలిగిన చివరి హద్దు అదే. అంటే నాబ్ మరీ ఎక్కువగా ఉందన్నమాట. తగ్గిస్తూ, మళ్లీ కొలుస్తూ పోతే పది గంటల దగ్గర సున్నాకి దగ్గరగా వచ్చింది. అక్కడ మా ఆవిడ ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టాను.

కొలత గురించి ఒక మాట. ఆడిసీ అనే ఆ పద్ధతిలో మైకుని ఎనిమిది చోట్ల దాకా పెట్టి, ఒక్కో స్పీకర్ నుంచి కిచకిచమనే శబ్దం పంపుతుంది. గదిలో చప్పుడు ఉండకూడదు, కాబట్టి ఫ్యాన్ ఆపాలి, ఏసీ ఆపాలి. నేను మే నెలలో మొదలెట్టాను. విశాఖ ఉక్కపోత తెలిసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. ఐదో చోట ఉండగా పక్కింటి కుక్కర్ విజిల్ వేసింది, మళ్లీ చేయాల్సొచ్చింది. చేసేవాళ్లు డిసెంబరులో, తెల్లారకముందే చేసుకోండి. అంతా అయ్యాక అది పెట్టిన క్రాసోవర్‌ని, అంటే స్పీకర్లకీ సబ్‌వూఫర్‌కీ మధ్య శబ్దాన్ని పంచే గీతని మాత్రం నేను 80 హెర్ట్జ్‌కి మార్చాను. ఆ కిందిదంతా సబ్‌వూఫర్ చూసుకుంటుంది.

డబ్బు పరంగా చూస్తే అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది యంత్రం కాదు, ఏలూరు తివాచీ. సిమెంటు గోడలు, టైల్స్ నేల. చప్పట్లు కొడితే టంగుమని తిరిగొచ్చేది. తివాచీ పరిచి, బరువైన కర్టెన్లు వేసి, వెనక గోడకి పుస్తకాల అల్మారా జరిపాక గొంతులు నిలబడ్డాయి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డింగులో వయొలిన్ మీద కమాను ఒరుసుకునే శబ్దం నాకు అప్పుడే మొదటిసారి తెలిసింది. సెంటర్ స్పీకర్ కూడా అంతే. టీవీ స్టాండు అరలో లోపలికి ఉన్నన్నాళ్లూ "ఏమన్నాడు, ఏమన్నాడు" అని మా ఆవిడ అడుగుతూనే ఉండేది. అర అంచుకి లాగి, ముందు వైపు కింద రబ్బరు ముక్క పెట్టి ముఖం కాస్త పైకెత్తాను, సెట్టింగ్‌లో రెండు డెసిబెల్స్ పెంచాను. ఆ ప్రశ్న మళ్లీ వినలేదు.

సబ్‌వూఫర్ చోటు కోసం దాన్ని నేను కూర్చునే సోఫాలో పెట్టి, బేస్ ఎక్కువగా ఉన్న పాటొకటి తిప్పి తిప్పి వేస్తూ, గోడల వెంట పాకుతూ విన్నాను. బేస్ ఎక్కడ ఉబ్బకుండా సమంగా వినిపిస్తే అక్కడ సబ్‌వూఫర్ పెట్టాలి. పిల్లలు వీడియో తీశారు. మూల కన్నా కిటికీ పక్క గోడ మేలని తేలింది. కింద ఇంటి మామ్మగారికి మాత్రం తేడా ఏమీ లేదు. "ఏటి బాబూ, మీ సినిమాలో బాంబేస్తే మా గూట్లో గిన్నెలు కదుల్తున్నాయి" అన్నారు. రాత్రి తొమ్మిది దాటాక సబ్‌వూఫర్ స్విచ్ కట్టేయడం అప్పటినుంచి మా ఇంటి చట్టం.

ఇక దెబ్బలు. రెండు ఆంప్‌లు కలపగానే స్పీకర్లలో బుయ్‌మని రొద. రెండు రోజులు వైర్లు మార్చాను. చివరికి సెట్‌టాప్ బాక్సుకి వచ్చే కేబుల్ వైరు పీకితే టక్కున ఆగింది. ఎర్త్ రెండు దారుల్లో కలవడం వల్ల వచ్చిన గోల అది. మేం కేబుల్ మానేశాం, అంతటితో పోయింది.

పెద్ద దెబ్బ చుక్క చూడకపోవడం వల్లే తగిలింది. 2023 దసరా సెలవుల్లో మా మేనల్లుడు పాటలకని నాబ్‌ని మూడింటి దాకా తిప్పి వదిలేశాడు. రాత్రి నేను చూసుకోకుండా సినిమా పెట్టాను. మొదటి ఫైటులోనే కుడి స్పీకర్లో సన్నటి శబ్దాలు పలికే ట్వీటర్ పోయింది. కొత్తది తెప్పించుకోడానికి నెలన్నర పట్టింది. వాణ్ణేమీ అనలేదు. చూసుకోకుండా పెట్టినవాణ్ణి నేనే కదా.

ఉప్పుగాలి సంగతి వేరే. ఏడాది తిరక్కుండానే స్పీకర్ వైర్ల రాగి కొసలు ఆకుపచ్చగా మారి, ఎడమవైపు ఉండుండి మూగబోయేది. కొసలు కత్తిరించి, తగరం పూత ఉన్న వైరు వేసి, బనానా ప్లగ్గులు బిగించాను. ఇప్పుడు ఆర్నెల్లకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో అన్ని ప్లగ్గులూ తుడుస్తాను. డెనాన్ వేడికి బల్లులు చేరతాయి, పై గాలి సందులకి సన్నటి నెట్ ముక్క అడ్డం పెట్టాను, గాలి ఆడేంత వదులుగా.

ముందు స్పీకర్లని డెనాన్ నేరుగా నడిపిస్తే ఒకలా, మారంట్జ్ నడిపిస్తే ఒకలా పాటలో తేడా ఉందా అని అడుగుతారు. డైరెక్ట్ మోడ్‌లో పెట్టి పోలిస్తే చాలా కొద్దిగా ఉంది, కళ్లకి గంతలు కడితే పట్టుకుంటానని పందెం కాయను. నాకు దక్కింది సుఖం. పొద్దున్న కాఫీతో ఒక్క బటన్ నొక్కితే పాట వస్తుంది. తొమ్మిది ఛానెళ్ల డెనాన్‌లో నేను వాడేవి మూడు. మిగిలిన ఆరూ దండగే.

ఈరోజు మొదటినుంచి కొనాల్సివస్తే పవర్ ఆంప్ ఇన్ అనే ఇన్‌పుట్ ఉన్న స్టీరియో ఆంప్ తీసుకుంటాను. ఆ ఇన్‌పుట్‌కి కలిపితే సినిమా శబ్దం వాల్యూమ్ నాబ్ జోలికే వెళ్లదు. అప్పటిదాకా మా ఇంట్లో సినిమా ముందు పిల్లలు అడిగే మొదటి మాట "నాన్నా, చుక్క చూశావా?"